ఒక్క రివాల్వర్, రెండు మూడు బోర్లు: బెంగళూరులో ఉండి ఈ సరదా ఎలా తీర్చుకోవాలి

ఒకే రివాల్వర్‌లో రెండు మూడు బోర్ల, అంటే వేర్వేరు కొలతల తూటాలు పేల్చొచ్చు అన్న మాట తుపాకుల పిచ్చి ఉన్న ఎవరినైనా ఊరిస్తుంది. అమెరికాలో డబ్బుంటే గోడ నిండా తగిలించుకోవచ్చు. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఫ్లాట్‌లో ఉండే మనకు ఆ వీలు లేదు, మనిషికి రెండు తుపాకులే. అందుకని ఇక్కడ ఈ సరదాలో పెద్ద భాగం చదవడం, చూడడం, కాగితాలు సరిగ్గా పెట్టుకోవడం. చేతికి వచ్చిన ఆ ఒక్కటీ పాడుచేయకుండా ఉంచుకోవడం మిగతా భాగం. నేను చెప్పే వరుస కూడా అదే. చాలామంది దీన్ని తిరగేస్తారు: ముందు కొంటారు, తర్వాత చదువుతారు, ఆఖర్న లాయర్ని వెతుక్కుంటారు.

ముందు లోపలి సంగతి అర్థం చేసుకోండి

ఒక తూటా ఒక రివాల్వర్‌లో సరిపోవాలంటే గుండు మందం, కేస్ (మందు నింపిన లోహపు డొప్ప) పొడవు, కేస్ అడుగున ఉండే అంచు, ఈ మూడూ కుదరాలి. వీటితో పాటు పేలినప్పుడు పుట్టే ఒత్తిడిని ఆ సిలిండర్ (తూటాలు కూర్చునే గదులుండి తిరిగే భాగం) తట్టుకోవాలి. కొత్తవాళ్లు మొదటి మూడూ చూసి నాలుగోది మరిచిపోతారు. వేళ్లు పోయేది అక్కడే.

అందరికంటే తేలికైన రకం పొట్టి తూటా, పొడుగు గది. .38 స్పెషల్ 1898 నాటిది. .357 మాగ్నమ్ 1935లో వచ్చింది. పేర్లు వేరైనా రెండింటి గుండు మందం ఒకటే, మాగ్నమ్ కేస్ కొంచెం పొడుగు. ఆ పొడుగు కావాలని పెట్టిందే. .38 గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, .357ది 35,000. మాగ్నమ్ తూటా పొరపాటున పాత .38 రివాల్వర్‌లో పట్టకూడదని కేస్ పొడుగు చేశారు. అటు నుంచి ఇటు మాత్రం చెల్లుతుంది: .357 రివాల్వర్ .38 స్పెషల్‌ని హాయిగా పేలుస్తుంది.

మన దేశంలో ఎక్కువగా కనిపించే .32లోనూ ఇదే కథ ఉంది, ఎవరూ పట్టించుకోరు గానీ. .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెస్సన్) 1878 నాటిది. దాన్నే పొడిగించి 1896లో .32 లాంగ్ చేశారు. లాంగ్‌కి చేసిన రివాల్వర్‌లో పొట్టిది పడుతుంది. 1984లో దాన్ని ఇంకా సాగదీసి .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ తెచ్చారు, 2000ల చివర్లో .327 ఫెడరల్ మాగ్నమ్ వచ్చింది. .327 రివాల్వర్ ఒకటి ఉంటే ఈ నాలుగూ అందులో పేలతాయి. తాతగారి బీరువాలో ఉన్న మామూలు .32 ఈ పెద్ద కుటుంబంలో రెండో తరం అన్నమాట.

రెండో రకంలో సిలిండరే మార్చేస్తారు. రూగర్ కంపెనీ సింగిల్ సిక్స్ కన్వర్టిబుల్‌తో .22 లాంగ్ రైఫిల్‌కి ఒక సిలిండర్, .22 మాగ్నమ్‌కి ఇంకొకటి ఇస్తుంది. బ్లాక్‌హాక్‌లో .357, 9 ఎంఎం జత 1967 నుంచి ఉంది, .45 కోల్ట్, .45 ఏసీపీ జత తర్వాత వచ్చింది. ఫ్రాన్స్ మాన్యురిన్ ఎంఆర్73కి కూడా 9 ఎంఎం సిలిండర్ దొరికేది. ఆ దేశపు జీఐజీఎన్ కమాండో దళం వాడిన రివాల్వర్ అదే. జర్మనీ కోర్త్ వాళ్లదీ ఇదే పద్ధతి. 9 ఎంఎం గుండు మందం .355 అంగుళం, .357 గొట్టానికి అది వెంట్రుకవాసి సన్నం. గురి కాస్త తగ్గినా పనవుతుంది. నా మటుకు ఈ గుంపులో అన్నిటికంటే తెలివైనది ఆ చిన్న సింగిల్ సిక్సే. ఆర్భాటం లేదు, ధర తక్కువ, రెండు సిలిండర్లూ నిజంగా పనికొస్తాయి.

అసలు చిక్కు అంచు లేని తూటాలతో వస్తుంది. రివాల్వర్ తూటా అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. తూటా గదిలోకి జారిపోకుండా ఆపేది అదే, ఖాళీ కేస్‌ను బయటికి తోసే ఎక్స్‌ట్రాక్టర్ పట్టుకునేదీ దాన్నే. పిస్టల్ కోసం చేసిన 9 ఎంఎం, .45 ఏసీపీలకు ఆ అంచు ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి .45 ఏసీపీ రివాల్వర్లు కావాల్సి వచ్చి కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ 1917 మోడల్ చేశాయి. మూడేసి తూటాల్ని పట్టుకునే అర్ధచంద్రాకారపు రేకు క్లిప్‌తో సమస్య తీర్చాయి. తర్వాత అదే తూటాకి మందపాటి అంచు పెట్టి .45 ఆటో రిమ్ అని కూడా అమ్మారు. స్మిత్ అండ్ వెస్సన్ 547 మోడల్ 1980 నుంచి 1985 వరకు వచ్చింది, క్లిప్ లేకుండానే 9 ఎంఎం కేస్‌ల్ని లాగే ప్రత్యేకమైన ఎక్స్‌ట్రాక్టర్ దాని గొప్ప. పదివేల చిల్లరే తయారైంది కాబట్టి ఇప్పుడు దాని ధర చుక్కల్లో ఉంది.

వీటన్నిటికీ పరాకాష్ఠ మెడూసా మోడల్ 47. టెక్సస్‌లో ఫిలిప్స్ అండ్ రాడ్జర్స్ అనే చిన్న కంపెనీ 1990లలో చేసింది. స్ప్రింగు వేళ్లున్న ఎక్స్‌ట్రాక్టర్‌తో అంచు ఉన్నవీ లేనివీ కలిపి 9 ఎంఎం, .38, .357 కుటుంబాల్లోని పాతిక రకాల దాకా పేలుస్తుందని కంపెనీ చెప్పుకుంది. కొన్ని వందలే బయటికొచ్చాయి. చూడ్డానికి అద్భుతం. అన్ని మందాల గుండ్లకీ ఒకే గొట్టమైనప్పుడు అన్నిటికీ సమానంగా గురి కుదరడం మాత్రం కష్టం.

పాతకాలపు సరదా కావాలంటే లెమాట్ రివాల్వర్ గురించి చదవండి. న్యూ ఓర్లీన్స్ డాక్టర్ జాన్ అలెగ్జాండర్ లెమాట్ 1856లో పేటెంట్ తీసుకున్నాడు. .42 బోర్ గుండ్లు తొమ్మిది పట్టే సిలిండర్, దాని ఇరుసు స్థానంలో రవ్వలు పేల్చే రెండో గొట్టం. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యాధికారుల నడుముకి వేలాడింది. ఈ కాలంలో దాని మనవడిలాంటిది టారస్ జడ్జ్: .45 కోల్ట్ తూటా, .410 షాట్‌గన్ తూటా రెండూ ఒకే సిలిండర్‌లో. నాకది మార్కెటింగ్ ఎక్కువ, తుపాకీ తక్కువ అనిపిస్తుంది.

ఇందులో మన ఇంట్లోకి రాగలిగేది ఏది?

1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనలు, 2019 సవరణ, ఈ మూడూ ఒకసారి మీరే చదవండి. మధ్యవర్తి చెప్పింది నమ్మొద్దు. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినవీ ఆ రెండులోనే లెక్క. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పేరున్న క్రీడా షూటర్ల లెక్క వేరు.

రెండోది నిషేధిత బోర్ గొడవ. పోలీసు, సైన్యం వాడే బోర్లు మామూలు జనానికి ఇవ్వరు. 9 ఎంఎం, .38, .455 చేతి తుపాకులు, .303 రైఫిల్ ఆ జాబితాలోవి. వాటి లైసెన్సు ఢిల్లీలో కేంద్ర హోం శాఖ చేతిలో ఉంటుంది. మన ఫ్యాక్టరీల రివాల్వర్లు .32లో ఉండడానికి కారణం ఇదే. కాన్పూర్ నుంచి వచ్చిన పాత .32, 2014లో వచ్చిన నిర్భీక్, 2023లో వచ్చిన ప్రబల్, అన్నీ ఆ బోర్‌వే. పైన చెప్పిన మెడూసా, 547, ఎంఆర్73 రెండో సిలిండర్, అన్నీ 9 ఎంఎం దగ్గరే ఆగిపోతాయి. వాటిని పుస్తకాల్లో ప్రేమించండి.

మూడోది, ఎక్కువమంది పొరబడేది: విడి సిలిండర్ కూడా ఆయుధమే. చట్టంలో ఆయుధం అంటే దాని భాగాలు కూడా. ‘తుపాకీ లైసెన్సులో ఉంది కదా, సిలిండర్ ఒక్కటే విదేశం నుంచి తెప్పిస్తా’ అని పార్సిల్ ఆర్డర్ పెట్టే కుర్రాళ్లున్నారు. కస్టమ్స్‌లో దొరికితే అది లైసెన్సు లేని ఆయుధ దిగుమతి కిందికి వస్తుంది. మామూలు మనుషులకు తుపాకుల దిగుమతి 1980ల నుంచే దాదాపు మూసేశారు. దేశంలో ఉన్న పాత విదేశీ రివాల్వర్లకు లక్షల ధర పలికేది అందుకే.

పాతది కదా, లైసెన్సు అక్కర్లేదు అన్న మాట కూడా వినిపిస్తుంది. మినహాయింపు ఉన్న మాట నిజమే గానీ, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని పాత ఆయుధాలకే అది వర్తిస్తుంది. కాస్త తోమి నూనె రాస్తే పేలేది అయితే అది మామూలు తుపాకీ కిందే లెక్క. బెంగళూరు ఆఫీసుల్లో ఇంకోటి ఉంది: కొడగు సహోద్యోగి ‘మా ఇళ్లలో లైసెన్సు లేకుండానే తుపాకులుంటాయి’ అంటాడు. అతను చెప్పేది నిజం. ఆ మినహాయింపు కొడగులోని కొడవ జాతివాళ్లకూ, అక్కడ వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూముల హక్కుదార్లకూ ఇచ్చింది, 2029 అక్టోబర్ 31 దాకా పొడిగించారు. మనకేం సంబంధం లేదు. వాళ్లింట్లో కాఫీ తాగి రావడం వరకే.

లైసెన్సు, కొనుగోలు

నగరంలో లైసెన్సు ఇచ్చే అధికారి పోలీస్ కమిషనర్, ఆఫీసు ఇన్‌ఫాంట్రీ రోడ్డులో. ఊరి బయట బెంగళూరు రూరల్ కిందికి వస్తే డిప్యూటీ కమిషనర్, అంటే మన కలెక్టర్. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, తర్వాత స్థానిక స్టేషన్ విచారణ, భద్రతా శిక్షణ సర్టిఫికెట్. ‘సేకరణ నా సరదా’ అని రాస్తే ఫైలు కదలదు. ప్రాణభయం, పంట కాపలా, షూటింగ్ క్రీడ, వారసత్వం, వీటిలో నిజంగా మీకున్న కారణం రాయండి. లేని బెదిరింపు సృష్టించి ఫిర్యాదులు పెట్టేవాళ్లు విచారణలో దొరికిపోతారు.

మనవాళ్లలో ఎక్కువమందికి తుపాకీ చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వారసత్వంగా వస్తుంది. లైసెన్సుదారు చనిపోయాక వారసులు అడగొచ్చు. ఆయన బతికుండగానే డెబ్బై ఏళ్లు నిండినా, పాతికేళ్లు లైసెన్సు నడిపినా మీ పేరుకి మార్చమని అడిగే వీలుంది. పెద్దాయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టండి. ఇంట్లో ఈ మాట ఎత్తడం మొహమాటమే, తప్పదు. ‘నాయనా, తుపాకీ కాగితాలు ఒకసారి చూద్దాం’ అంటే చాలు, ఆస్తి పంపకాల సంగతి అని ఎవరూ అనుకోరు.

ఒక జాగ్రత్త. ఊళ్లో ఉన్న లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే ఆ రివాల్వర్‌ని కారు డిక్కీలో పెట్టుకుని బాగేపల్లి దగ్గర సరిహద్దు దాటితే నేరం. ముందు కాగితం మారాలి, తర్వాతే తుపాకీ కదలాలి.

వేరేవాళ్ల దగ్గర కొనాలంటే లైసెన్సున్న డీలరు ద్వారా వెళ్లడం మేలు. నేరుగా అమ్మేవాళ్లు ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాకే మీ చేతికివ్వాలి. ‘డబ్బివ్వండి, ముద్ర తర్వాత వేయించుకుందాం’ అనేవాడి దగ్గర టీ కూడా తాగకుండా లేచి రండి.

చేతిలోకి తీసుకున్నప్పుడు ఏం చూడాలి?

ముందు గొట్టం మనుషులు లేని వైపు తిప్పండి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టండి, సిలిండర్ తెరిచి అన్ని గదులూ ఖాళీ అని కంటితో చూసి వేలితో తడమండి. అమ్మేవాడు ‘ఖాళీనే సార్’ అన్నా సరే.

తర్వాత నంబర్లు. ఫ్రేమ్ మీది నంబరు లైసెన్సులోని నంబరుతో అంకె అంకె కలవాలి. సిలిండర్ మీద నంబరు ఉంటే అదీ చూడండి. రూగర్ కన్వర్టిబుల్ అయితే రెండో సిలిండర్ ముందు భాగంలో తుపాకీ నంబరు చివరి మూడు అంకెలు చెక్కి ఉంటాయి. అవి కలవకపోతే ఆ సిలిండర్ ఇంకో తుపాకీకి పుట్టింది. సేకరణ విలువ సంగతి తర్వాత, సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య ఉండాల్సిన సందే తేడాగా ఉండొచ్చు.

‘.32’ అన్న ముద్రతో తృప్తి పడొద్దు. పాత కోల్ట్‌ల మీద .32 న్యూ పోలీస్ అని ఉంటే అది .32 లాంగే. పోటీ కంపెనీ పేరు తన తుపాకీ మీద కొట్టడం కోల్ట్‌కి ఇష్టం లేక వేరే పేరు పెట్టుకుంది. .32 లాంగ్ కోల్ట్ అని ఉంటే మాత్రం అది పూర్తిగా వేరే తూటా. .32 పిస్టల్ తూటా ఇంకోటి. మన దేశంలో రివాల్వర్లకు దొరికేది ఖడ్కీ ఫ్యాక్టరీ కేఎఫ్ ముద్ర ఉన్న .32 లాంగ్. మీ రివాల్వర్ గది దానికి చేసిందేనా అని లైసెన్సున్న గన్‌స్మిత్‌తో (తుపాకులు బాగుచేసేవాడితో) కొలిపించాకే కొనండి.

ఇంతకంటే ముఖ్యంగా చూడాల్సింది ఎవరైనా ముందే బోర్ మార్చారా అన్నది. దీనికి పెద్ద పాఠం వెబ్లీ మార్క్ సిక్స్. 1915 నాటి బ్రిటిష్ సైన్యపు .455 రివాల్వర్ అది. యుద్ధాల తర్వాత వేలకొద్దీ అమెరికాకి చేరాయి, అక్కడ .455 తూటాలు దొరకవు. చవగ్గా దొరికే .45 ఏసీపీ పట్టాలని సిలిండర్ వెనక భాగాన్ని అరగదీసి అమ్మారు. పట్టింది, పేలింది కూడా. మామూలు .45 ఏసీపీ ఒత్తిడి మాత్రం ఆ సిలిండర్‌కి ఫ్యాక్టరీలో పెట్టిన పరీక్ష ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. అంటే ప్రతి తూటా ఒక పరీక్షే. కొన్ని సిలిండర్లు పగిలాయి. పగలనివి కూడా ఇవాళ అరగదీయని వెబ్లీ కంటే బాగా తక్కువ పలుకుతాయి. యుద్ధకాలపు స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ మోడళ్లను .38 స్పెషల్‌కి తొలిచినప్పుడూ ఇలాగే అయింది. పాత గది వెడల్పు, కొత్త తూటా సన్నం, పేలిన ప్రతి కేస్ ఉబ్బి బయటికొస్తుంది. సిలిండర్ వెనక మెరుపు ముందు భాగం మెరుపుతో కలవకపోయినా, పాత ముద్ర మీద కొత్త ముద్ర కొట్టి ఉన్నా, బ్రిటిష్ ప్రూఫ్ హౌస్ (తుపాకులకు ఒత్తిడి పరీక్ష పెట్టే సంస్థ) గుర్తులు సగం చెరిగి ఉన్నా అనుమానించండి.

మీ చేతుల్లో ఉన్నది మార్చాలనిపిస్తే

బోర్ మార్చడం, గది తొలవడం, గొట్టం కోయడం, విడి సిలిండర్ చేయించడం జోలికి వెళ్లొద్దు. లైసెన్సు లేకుండా తుపాకీ తయారీ, మార్పిడికి 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. పీణ్యలో లేత్ మిషన్ ఉన్న స్నేహితుడు ఎంత నేర్పరి అయినా ఈ పని అతనికి ఇవ్వకండి, ఇద్దరూ ఇరుక్కుంటారు. లైసెన్సున్న గన్‌స్మిత్ అయినా లైసెన్సులో రాసిన బోర్‌ని మార్చలేడు.

చేయగలిగినవి చాలానే ఉన్నాయి. పిడి మార్పించుకోవచ్చు. రోజ్‌వుడ్ గ్రిప్ చేయిస్తే చేతికి నిండుగా ఉంటుంది, పాత గ్రిప్ మాత్రం స్క్రూతో సహా ఒక కవర్లో దాచండి. రేపు విలువ కట్టేవాడు మొదట అడిగేది అదే. మైసూరు రోజ్‌వుడ్ పొదుగు పని చేసేవాళ్లతో లోపల మఖ్మల్ పరిచిన పెట్టె చేయించుకుంటే తుపాకీని తాకకుండానే ముచ్చట తీరుతుంది. కొలతలు వాళ్లకి అట్టముక్క మీద గీసి ఇవ్వండి, తుపాకీ పట్టుకుని వెళ్లొద్దు. బలహీనపడిన స్ప్రింగు లాంటివి లైసెన్సున్న గన్‌స్మిత్‌తో అసలు రకానివే వేయించి, రసీదు ఉంచుకోండి.

రంగు మాత్రం మళ్లీ వేయించకండి. వందేళ్ల బ్లూయింగ్ (ఉక్కు మీది నల్లటి నీలి పూత) అక్కడక్కడా పోయి ఉంటే అది దాని వయసు. తళతళలాడేలా పాలిష్ కొట్టించి నికెల్ పూత వేయిస్తే అక్షరాల అంచులు అరిగిపోతాయి, ప్రూఫ్ గుర్తులు మాసిపోతాయి, సేకరణదారు దృష్టిలో ధర సగానికి పడిపోతుంది. పెళ్లికి వచ్చిన చుట్టాలు మెచ్చుకుంటారేమో, కొనేవాడు మెచ్చుకోడు.

తుపాకీ లేకుండా సేకరణ

లైసెన్సు రాకపోయినా, రెండు తుపాకుల లెక్క నిండిపోయినా సేకరణ ఆగాల్సిన పనిలేదు. పాత కంపెనీ కేటలాగులు, పేటెంటు బొమ్మలు, విడమరిచిన భాగాల పటాలు, వేలం సంస్థల పుస్తకాలు చట్టం అడ్డుపెట్టని వస్తువులు. లెమాట్, 547 పేటెంటు బొమ్మలు ఫ్రేమ్ కట్టించి పెట్టుకుంటే గోడకు అందం. నిజమైన పాత ఆయుధాలు చూడాలంటే చెన్నైలో ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం, సెయింట్ జార్జి కోటలోని మ్యూజియం, హైదరాబాదులో సాలార్‌జంగ్ ఉన్నాయి.

ఖాళీ తూటాలు పోగేయడం మాత్రం ప్రమాదం. తూటా భాగాలు కూడా చట్టం లెక్కలో తూటాలే. లాప్‌టాప్ బ్యాగు మూల మరిచిపోయిన ఒక్క కేస్‌తో దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో స్కానర్ మోగితే విమానం వెళ్లిపోతుంది, మీరు స్టేషన్‌లో కూర్చుంటారు. తూటా ఆకారపు కీచైన్ కూడా ఎందుకు చెప్పండి.

ఇంట్లో ఉంచుకునే తీరు

తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో తోసేయడం మన ఇళ్లలో పాత అలవాటు. తోలు తేమ పీలుస్తుంది, దాన్ని పదును చేసిన రసాయనాలు ఉక్కును తింటాయి. బెంగళూరులో జూన్ నుంచి నవంబరు దాకా ఏదో ఒక వాన ఉంటూనే ఉంటుంది. పొడి గుడ్డతో తుడిచి, పలచగా తుపాకీ నూనె రాసి, సిలికా జెల్ పొట్లాలతో ఉక్కు లాకర్‌లో పెట్టండి. పొట్లాలు తడిసిన గుర్తు కనిపించగానే మార్చండి. తూటాలు వేరే తాళం కింద ఉండాలి. తాళాల చోటు పిల్లలకే కాదు, పనిమనిషికీ బంధువులకీ తెలియకూడదు.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తున్నప్పుడు ఖాళీ ఫ్లాట్‌లో వదలొద్దు. లైసెన్సున్న డీలరు దగ్గర నెలవారీ అద్దెకు డిపాజిట్ చేయొచ్చు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్ నుంచి పిలుపొస్తే అక్కడైనా ఇవ్వాలి, డీలరు దగ్గరైనా పెట్టాలి. ఇచ్చేటప్పుడు నంబరు, తూటాల లెక్క, తుపాకీ పరిస్థితి రసీదులో రాయించండి, నాలుగు వైపులా ఫొటోలు తీయండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి ఫొటోలతో పోల్చి చూశాకే సంతకం పెట్టండి.